మా ఇంట్లో ఒక్కటే ఓటు

"సీక్రెట్ బ్యాలెట్ నాన్నా. చెప్పను."

2025 నవంబర్ 4 మధ్యాహ్నం, వర్జీనియా రాష్ట్ర ఎన్నికల పోలింగ్ జరుగుతున్న స్కూల్ పార్కింగ్‌లో, కారు డోర్ ఇంకా వేయకుండానే మా అమ్మాయి అన్న మాట ఇది. స్వెట్టర్ మీద "ఓటు వేశాను" అనే స్టిక్కర్. నేను అడగనే లేదు. "లైన్ పెద్దగా ఉందా?" అన్నానంతే. కానీ నా గొంతులో అసలు ప్రశ్న వినబడింది కాబోలు.

మా ఇంట్లో నలుగురం. 2006లో అమెరికా వచ్చాం. నేనూ మా ఆవిడా ఇంకా గ్రీన్ కార్డు క్యూలోనే ఉన్నాం, క్యూలో మా చోటు తేల్చే తేదీ 2014. అబ్బాయికి పదమూడు. వర్జీనియాలో పుట్టి, అక్టోబర్‌లో పద్దెనిమిది నిండిన పిల్ల ఒక్కతే మా ఇంటి ఓటరు. పన్నులు నలుగురి తరఫునా కడుతున్నాం, ఓటు మాత్రం ఒకటి.

ఆ ఒక్క ఓటు కోసం మూడు వారాలు నేనూ మా ఆవిడా చేసిన పనులు చెప్పుకుంటే సిగ్గుచేటు. చెబుతాను.

ముందు సినిమా సంగతి. వేసవిలో పిల్లల తెలుగు మరీ పలచబడిపోతోందని శనివారాలు తెలుగు సినిమా చూడాలని రూల్ పెట్టాను. అలా చూపించినదే 2023లో వచ్చిన 'మార్టిన్ లూథర్ కింగ్'. తమిళ 'మండేలా'కి రీమేక్. చెప్పులు కుట్టుకుని బతికే ఓ అనామకుడు, సంపూర్ణేష్ బాబు. డబ్బు దాచుకుందామని పోస్టాఫీసుకి వెళ్తే అతనికి పేరు కూడా ఉండదు. అక్కడి అమ్మాయే ఆ పేరు పెట్టి కార్డులు ఇప్పిస్తుంది. ఈలోగా ఎన్నికలొస్తాయి. ఊరు సరిగ్గా రెండు ముక్కలు, పోటీలో ఉన్న ఇద్దరిలో జగ్గుకి ఎన్ని ఓట్లో లోకికీ అన్నే. మిగిలింది ఇతనొక్కడు. నిన్నటిదాకా మొహం చూడని వాళ్ళు ఇవాళ ఇతన్ని నెత్తిన పెట్టుకుంటారు.

పిల్లలు బాగానే నవ్వారు. మధ్యలో మా అమ్మాయి ఆపమంది. "కింగ్ పేరే ఎందుకు? తెలుగు పేరు పెట్టొచ్చు కదా?" తెలుగు పేరైతే ఏ కులమో, ఎవరి మనిషో ఊరు కనిపెట్టేస్తుంది, ఆ పేరైతే ఎవరికీ చెందడు, అని నాకు అర్థమైనది చెప్పాను. "అయితే మన ఇంటిపేరు చెబితే మన కులం తెలుస్తుందా?" అంది. "మనకు అలాంటి పట్టింపులు లేవమ్మా" అన్నాను. "మొన్న పిక్నిక్‌లో ఆ అంకుల్ ఇంటిపేరు అడిగి, వినగానే నీ భుజం మీద చెయ్యేశాడు. నువ్వూ చాలా హ్యాపీగా ఉన్నావ్" అంది. నేను రిమోట్ వెతుక్కున్నాను.

ఇక అక్టోబర్. పిల్ల ఓటరుగా నమోదైన రోజు నుంచి ఇంట్లో వాతావరణం మారిపోయింది. మా ఆవిడది ఒకటే అజెండా, ఇక్కడ ఏటా కట్టే కారు టాక్స్. అది తీసేస్తామన్న వాళ్ళకే వేయాలని చెప్పి, ఆ ఆదివారం పూర్ణం బూరెలు వండింది. దీపావళికి కూడా చేయలేదు బూరెలు. ఎప్పుడూ వద్దనే స్లీపోవర్‌కి నేను అడక్కుండానే సరే అన్నాను. పిల్ల మా ఇద్దర్నీ చూసి, "అమ్మ జగ్గు, నువ్వు లోకి" అని బూరె నోట్లో పెట్టుకుంది.

నా ప్రచారం మా ఆవిడ కంటే అన్యాయం. ఆమెకు కనీసం ఓ విధానం మీద అభిప్రాయం ఉంది. నేను గవర్నర్ తర్వాతిదైన లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి గజాలా హాష్మీ నిలబడిందని చూసి, "ఆవిడ మన హైదరాబాద్‌లో పుట్టింది తెలుసా?" అని మొదలుపెట్టాను. ఆవిడ పాలసీలు చదివానా అంటే లేదు. మన హైదరాబాద్ అన్నాను గానీ మాది అనకాపల్లి. హైదరాబాద్‌తో నా అనుబంధమంతా అమీర్‌పేటలో జావా కోర్సు చేసిన ఆరు నెలలు. చిన్నప్పుడే అమెరికా వచ్చేసిన ఆవిడకు అమీర్‌పేట జావా సెంటర్లతో ఏం సంబంధం? "ఇది కూడా ఇంటిపేరు అడగడం లాంటిదే కదా నాన్నా?" అంది పిల్ల. హాష్మీ గారు గెలిచారు. మా పిల్ల ఓటు అందులో ఉందో లేదో నాకు తెలియదు.

పార్కింగ్ నుంచి ఇంటికి వస్తూ, మాట మార్చడానికే అనుకుంటా, గవర్నమెంట్ క్లాసులో విన్న సంగతి చెప్పింది. 2017లో మా వర్జీనియాలోనే, న్యూపోర్ట్ న్యూస్ దగ్గర శాసనసభ సీటు. రీకౌంటింగ్‌లో ఒకే ఒక్క ఓటు తేడాతో ఒకామె గెలిచింది. మర్నాడు జడ్జీల ముందుకు ఒక బ్యాలెట్ వచ్చింది. ఎవరో ఓటరు ఇద్దరి పేర్ల పక్కనా సున్నాలు నింపేసి, ఒకదాని మీద గీత కొట్టారు. ఆ ఓటు ఆమె ప్రత్యర్థికి చెల్లుతుందన్నారు జడ్జీలు. దాంతో ఇద్దరికీ 11,608. చివరికి 2018 జనవరి 4న పింగాణీ గిన్నెలో పేర్లు వేసి తీశారు. చీటీలో ఓడింది ఆవిడే. ఆ చీటీతోనే వంద సీట్ల సభలో మెజారిటీ 51-49 అని తేలింది.

"ఆ గీత కొట్టిన మనిషి ఇంటికెళ్ళి ఎవరికైనా చెప్పి ఉంటాడా?" అంది. సినిమా కంటే ఈ ప్రశ్నే నాకు ఎక్కువ నచ్చింది. కానీ తండ్రి ఊరుకుంటాడా, పోటీకి దిగాను. "మా అనకాపల్లిలో 1989లో పార్లమెంటు సీటే తొమ్మిది ఓట్లతో తేలింది. కొణతాల రామకృష్ణ గెలిచారు. ఆ తొమ్మిదీ మా ఇంటివేనని మా వీధిలో ప్రతి ఇంటివాళ్ళూ చెప్పుకునేవారు."

"నీది ఉందా అందులో?"

"అప్పుడు నాకు ఏడేళ్ళు."

"తర్వాత ఎన్నిసార్లు వేశావ్?"

సిగ్నల్ దగ్గర ఎడమ వైపు తిరగాల్సింది, నేరుగా పోనిచ్చాను.

ఒక్కసారీ వేయలేదు. 2004లో అమీర్‌పేటలో ఉన్నాను. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ దొరకలేదని అమ్మకి చెప్పాను, నిజానికి అడగనే లేదు. ఇక్కడికొచ్చాక, మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు ఫారం 6ఎ నింపి పేరు ఎక్కించుకోవచ్చని తెలిసింది. ఓటు మాత్రం పాస్‌పోర్ట్ పట్టుకుని మన ఊరి బూత్‌కే వెళ్ళి వేయాలి. ఫారం నింపడానికి పది నిమిషాలు పట్టేదేమో, నింపలేదు. 2024 మే 13 పోలింగ్‌కి మా ఫ్రెండ్స్ ఇద్దరు సెలవు పెట్టి వెళ్ళొచ్చారు. నేను టికెట్ ధర, వీసా స్టాంపింగ్ టెన్షన్ అంటూ ఆగిపోయి, వాట్సాప్‌లో మాత్రం రాత్రి రెండింటి దాకా ఆంధ్ర రాజకీయాలు నడిపాను. అమ్మకి ఫోన్ చేసి ఎవరికి వేయాలో కూడా చెప్పాను. "నా ఓటు సంగతి నీకెందుకురా? కుక్కర్ పెట్టాను, ఉంటాను" అని పెట్టేసింది.

పద్దెనిమిది నిండే పిల్లలున్న తల్లిదండ్రులకు నేను చెప్పేదేంటంటే, ఓటు నమోదు దగ్గరుండి చేయించండి, ఎవరికి వేయాలో మాత్రం చెప్పకండి. రాసేశాక ఇది నాకే నమ్మకం కలగడం లేదు. ఎందుకంటే పిల్ల తనంతట తాను ఆలోచించాలని నిజంగా కోరుకున్నానా, నాకు లేని ఓటు తన చేత వేయించుకుందామనుకున్నానా? ఇల్లు మారినప్పుడు తననడిగామా? శనివారం సినిమా రూల్‌కి అడిగానా? కాలేజీ అప్లికేషన్లలో కంప్యూటర్ సైన్స్ అని నేనే నింపించాను, తనకు చరిత్ర ఇష్టమని తెలిసీ. పద్దెనిమిదేళ్ళలో తన అభిప్రాయం కోసం మేం తన చుట్టూ తిరిగింది ఈ మూడు వారాలే. అది తనకు తెలుసు. బూరెలు తింటూ లెక్క వేసుకునే ఉంటుంది.

మొన్న శనివారం అమ్మకి వీడియో కాల్ చేసి ఫోన్ పిల్లకిచ్చాను. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. వంటింట్లో గిన్నెలు తోముతుంటే ఇద్దరి నవ్వులూ వినిపిస్తున్నాయి. మా ఆవిడ కనుబొమ్మలెగరేసింది, ఏమిటట అన్నట్టు. ఇరవై నిమిషాలకు పిల్ల బయటికొచ్చింది.

"ఏంటంత నవ్వు?"

"నానమ్మ ఎవరికి వేశావని అడిగింది. చెప్పాను."

"నానమ్మకి చెప్పావా!"

"ఫ్రీగా కాదు. తనూ చెప్పింది, 2024లో ఎవరికి వేసిందో."

"ఎవరికి?"

ఫోన్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.