పేరు లేని గడి

మా నాయన అనంతపురం జిల్లా ఉన్నత పాఠశాలల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేశారు. తాను చూసిన ప్రతి చిత్రకళా ప్రదర్శన నుంచి, అది హైదరాబాదులో జరిగినదైనా, మద్రాసులో జరిగినదైనా, మా ఊరి బడి వరండాలో పిల్లల బొమ్మలు అంటించినదైనా, ఆహ్వాన పత్రికనో కరపత్రాన్నో తెచ్చి ఒక అట్టపెట్టెలో దాచేవారు. ఆయన పోయిన తరువాత ఆ పెట్టె నాకు చేరింది. రెండేళ్లుగా సాయంత్రాలు కూర్చుని ఆ కాగితాలను కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాను. ఒక్కొక్క కాగితానికి ఒక వరుస. అందులో తేదీ, ఊరు, ప్రదర్శనశాల, చిత్రకారుని పేరు, దేనికి దానికి ఒక గడి.

న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ పట్టికను చూశాకే నాకు ఈ ఆలోచన కలిగింది. 1929 నుంచి 1989 వరకు తాను జరిపిన 1,788 ప్రదర్శనల వివరాలను ఆ సంస్థ గిట్‌హబ్ అనే వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంచింది. ఊరికే చదివితే అది పేర్ల, తేదీల బారు మాత్రమే. ఒక్కొక్క చిత్రకారునికి ఒక అడ్డగీత గీసి, ఆయన కృతి ప్రదర్శించిన ప్రతిసారీ ఆ గీతపై ఒక చుక్క పెట్టినప్పుడు మాత్రం, ఎవరిని ఎడతెగకుండా పిలిచారో, ఎవరిని ఒక్కసారి పిలిచి ఊరుకున్నారో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. నాయన పెట్టెకు కూడా అటువంటి బొమ్మ గీయాలని కూర్చున్నాను.

మొదటి చిక్కు తేదీలతోనే వచ్చింది. మన ఆహ్వాన పత్రికల్లో వారం, తేదీ, నెల, ముహూర్తంతో సహా సమయం అన్నీ ఉంటాయి, సంవత్సరం మాత్రం చాలాసార్లు ఉండదు. అచ్చు వేయించినవారికి ఆ అవసరం కనిపించి ఉండదు. గాంధీ జయంతికి పెట్టిన పిల్లల చిత్రాల ప్రదర్శన పత్రిక ఒకటి ఉంది; దానిపై ‘ఆదివారం, అక్టోబరు 2’ అని మాత్రమే ఉంది. అక్టోబరు 2 ఆదివారం నాడు వచ్చిన సంవత్సరాలను వరుసగా రాసుకుంటే 1966, 1977, 1983, 1988, 1994 తేలాయి. పత్రిక అడుగున బడి చిరునామాలో పిన్‌కోడు ఉంది. మన దేశంలో పిన్‌కోడు వాడుకలోకి వచ్చింది 1972 ఆగస్టు 15న గనుక 1966 కాదు. నాయన సర్వీసు పుస్తకం తెరిచి ఆయన ఆ బడిలో ఉన్న కాలాన్ని చూస్తే మిగిలింది 1983 ఒక్కటే. ఒక చుక్కను గీతపై సరైన చోట పెట్టడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది, కానీ ఆ రెండూ ఈ పని మొత్తంలో నాకు అత్యంత ప్రియమైనవి.

ఊళ్ల సంగతి వేరు. నాయన తన గురువుగారి దగ్గర తెచ్చుకున్న పాత కాగితాల్లో కర్నూలువి రెండున్నాయి. 1952 నాటి దానికి కర్నూలు మద్రాసు రాష్ట్రంలోని ఒక జిల్లా కేంద్రం. 1955 నాటి దానికి అదే ఊరు ఆంధ్ర రాష్ట్ర రాజధాని. ఇక 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడడంతో లేపాక్షి, ధర్మవరం మా జిల్లా నుంచి విడిపోయాయి. జిల్లాల వారీగా రంగులు వేస్తే, ప్రదర్శనలు ఎక్కడివక్కడే ఉన్నా, అనంతపురం ఒక్కసారిగా వెలవెలబోయినట్టు కనిపిస్తుంది. అందువల్ల జిల్లాను వదిలేసి, అక్షాంశ రేఖాంశాలతో ఊరినే గుర్తిస్తున్నాను.

పేర్లను సరిచేయడానికి ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాధనం ఉంది. అక్షరాల కూర్పులో దగ్గరగా ఉన్న పేర్లను అది ఒకచోటికి చేరుస్తుంది. అయితే చిత్రకారులు పి.టి.రెడ్డి, పాకాల తిరుమలరెడ్డి ఒక్కరేనని దానికి తెలియదు, మనమే చెప్పాలి.

అసలు పేరే లేని వరుసల దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. లేపాక్షి పైకప్పు చిత్రాల ఛాయాచిత్రాలతో పెట్టిన ఒక ప్రదర్శన కరపత్రంలో ఆలయాన్ని కట్టించిన విరుపణ్ణ పేరు ఉంది. ఆ చిత్రాలు గీసిన చేతుల పేర్లు మనదాకా రాలేదు. ఆ రోజుల్లోనే, న్యూయార్కు మ్యూజియం తొలి డైరెక్టరు ఆల్ఫ్రెడ్ బార్ 1936లో క్యూబిజం, నైరూప్య కళల ప్రదర్శన కోసం తయారుచేసిన ప్రసిద్ధమైన పటాన్ని మళ్లీ చూశాను. 1890 నుంచి 1935 వరకు కళోద్యమాలు బాణపు గుర్తులతో ఒకదాని నుంచి ఒకటి పుట్టుకొస్తున్నట్టు ఉంటుంది అది. పైభాగాన యూరోపు చిత్రకారులు సెజాన్, గోగాఁ, వాన్ గో, స్యూరాల పేర్లున్నాయి. 1929 నవంబరులో ఆ మ్యూజియం మొదటి ప్రదర్శన కూడా ఈ నలుగురిదే. జపాను ముద్రాచిత్రాలకు, ఆఫ్రికా శిల్పానికి మాత్రం ఎర్రని పెట్టెలున్నాయి గాని, వాటిలో ఒక్క మనిషి పేరు లేదు. ఎంతో శ్రద్ధగా గీసిన పటంలోనూ కొందరు మనుషులుగా, కొందరు వస్తువులుగా మిగిలారు. నా పట్టికలో అది జరగకూడదనుకుని, పేరు తెలియని చోట వరుసను తీసివేయకుండా, నిండు చుక్కకు బదులు లోపల ఖాళీగా ఉన్న వలయాన్ని గీయడం మొదలుపెట్టాను.

బొమ్మ పూర్తయ్యేసరికి ఆ వలయాల్లో ఎక్కువ భాగం ఒకేచోట గుమిగూడాయి. అవి తోలుబొమ్మల ప్రదర్శనలు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఈ కళకు పేరుమోసిన ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. నా దగ్గరున్న పాత కరపత్రాల్లో మాత్రం ‘ఆంధ్ర తోలుబొమ్మలు’ అన్న రెండు మాటలు తప్ప మరేమీ లేవు. ఒక కరపత్రంపై రావణుని బొమ్మ అచ్చయి ఉంది. దాన్ని తీసుకుని పోయిన నెల నిమ్మలకుంటకు వెళ్లాను. ఒక పెద్దాయన కాగితాన్ని వెలుతురుకు పట్టి, నగల దగ్గర కొట్టిన చిల్లులను వేలితో తడుముతూ చాలాసేపు చూశారు.

“ఇది మావాళ్ల చేతిపనే అమ్మా. అయితే ఒకరిది కాదు. గీసింది ఒకరు, చిల్లులు కొట్టింది ఇంకొకరు, రంగు ఆడవాళ్లు వేసింటారు” అన్నారు. గీసినవారి పేరు చెప్పారు. కొంత ఆలోచించి, ఆ బొమ్మను ఆడించినవారి పేరు కూడా చెప్పారు. రంగు వేసినవారు ఎవరో ఆయనకు గుర్తు రాలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ‘చిత్రకారుని పేరు’ అన్న గడిని తొలగించి, గీసినవారు, చిల్లులు కొట్టినవారు, రంగు వేసినవారు, ఆడించినవారు అని నాలుగు గడులు పెట్టాను. ఆ రావణుని వరుసలో ఇప్పుడు రెండు నిండు చుక్కలు, రెండు ఖాళీ వలయాలు ఉన్నాయి. పెద్దాయన తన వదినగారిని అడిగి చెబుతానన్నారు. వచ్చే ఆదివారం మళ్లీ వెళుతున్నాను.