ముందు డిపాజిట్ కట్టమన్నారు

చెల్లి క్షేమంగా ఇంటికొచ్చింది. నా కోపం మాత్రం చల్లారలేదు.

గుంటూరు బ్రాడీపేటలో మా ఇల్లు. ఆదివారం రొయ్యల వేపుడు, చిన్నప్పట్నుంచీ తింటున్నదే. కంచం ముందు కూర్చునుండగానే చెల్లికి అరచేతులు దురద, ఒళ్ళంతా దద్దుర్లు. వాళ్ళత్తగారు గొంగళితో రుద్దమన్నారు. ఈలోగా పెదాలు ఉబ్బాయి, గొంతు బొంగురుపోయింది. నర్సింగ్ హోమ్ పక్క వీధే కాబట్టి ఎదురింటాయన కారులో తీసుకెళ్ళిపోయాం. లేకపోతే 108కే చేసేవాణ్ణి.

కౌంటర్లో కుర్రాడు తలెత్తలేదు. పేరు, వయసు, ఆధార్, డిపాజిట్. "పేషెంటుని ఇలా నిలబెట్టండి సార్, ఫొటో తియ్యాలి" అన్నాడు. ఫొటో! అలర్జీ ముదిరి బీపీ పడిపోతున్న మనిషిని నిలబెడితే గుండెకి రక్తం చేరక అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. మిల్లులో సేఫ్టీ ట్రైనింగ్ అయినవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలుసు. కళ్ళు తిరుగుతున్నాయంది. అక్కడే గచ్చు మీద పడుకోబెట్టి కాళ్ళెత్తి నా ఒళ్ళో పెట్టుకున్నా. ఆయాసమే ఎక్కువైతే ఆనించి కూర్చోబెట్టాలి, నడిపించకూడదు. చుట్టూ జనం. "ఏం మింగిందో పాపం" అని ఎవరో గొణిగారు. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

నర్సు వచ్చి అవిల్ అనే అలర్జీ ఇంజెక్షన్ పొడిచి "తగ్గిపోతుంది" అని వెళ్ళబోయింది. అడ్రినలిన్ ఏదమ్మా అంటే "మీరు డాక్టరా?" అంది. కాదు, అన్నని. అవిల్ దురద తగ్గిస్తుంది గానీ మూసుకుపోయే గొంతుని తెరవదు, పడిపోయిన బీపీని లేపదు. ఆ పని అడ్రినలిన్ ఇంజెక్షన్‌దే. నా అరుపులకి డ్యూటీ డాక్టర్ పరిగెత్తుకొచ్చాడు, కుర్రాడే. చూస్తూనే తొడకి బయటివైపు కండలో అర మిల్లీగ్రాము అడ్రినలిన్ చేశాడు. తగ్గకపోతే 5 నిమిషాలకి మళ్ళీ చెయ్యొచ్చన్నాడు, అవసరం పడలేదు. కాసేపటికి చెల్లి మామూలు గొంతుతో నీళ్ళడిగింది. ఆ అబ్బాయికి దణ్ణం పెట్టాను, కౌంటర్ వాడికి పెట్టాల్సినవి పెట్టాను.

తగ్గాక కూడా కొన్ని గంటలకి తిరగబెట్టొచ్చని రాత్రంతా ఉంచారు. "తగ్గిందిగా, పోదాం" అన్న బావగారి మాట నేను పడనివ్వలేదు. డిశ్చార్జి కాగితంలో అలర్జీ సంగతి స్పష్టంగా రాయించుకోండి, అడక్కపోతే రాయరు. ఇంట్లో అడ్రినలిన్ ఉంచుకోవాలా, ఎవరు ఎలా చెయ్యాలో డాక్టర్ని అడిగి చీటీ రాయించుకుని, చేసి చూపించమనండి. అడ్రినలిన్ ఆంప్యూల్ (మందుండే చిన్న గాజుబుడ్డి) ఖరీదు ప్లేటు బిర్యానీ కంటే తక్కువే.

వాళ్ళత్తగారు మాత్రం దిష్టే అంటున్నారు. రాగానే ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో పడేశారు, ఆ ఘాటుకి ఇల్లంతా ఒకటే దగ్గు.