స్విమ్మింగ్ పూల్‌కి లైనర్ పరిచాం

"బావా, ఆ మూల ఇంకొంచెం లాగు!" బావమరిది గట్టు మీద నుంచి అరుస్తున్నాడు. లైనర్ అంటే నీళ్లు ఇంకిపోకుండా పూల్ లోపల పరిచే వినైల్ ప్లాస్టిక్ షీటు. దాని వెనక వాక్యూమ్ గొట్టం దూర్చి గాలి లాగేస్తుంటే, ముడతలు ఒక్కొక్కటే విప్పుకుని ఆ నీలం షీటు గోడకు చర్మంలా అతుక్కుపోయింది. ఎండలో పరచడం మంచిదైంది, వేడికి వినైల్ బాగా సాగుతుంది.

శంకర్‌పల్లి నేల కదా, కాస్త తవ్వగానే గ్రానైట్ తగిలింది. లైనర్ కంటే ఆ రాయి కొట్టించడానికే ఎక్కువ ఖర్చైంది.

అడుగున వేసిన ఇసుకంతా అమ్మే జల్లించింది. ఒక్క పదునైన రాయి మిగిలినా నీళ్ల బరువుకి లైనర్ చిరగొచ్చు. అమ్మ చేత్తో తడిమి చూడని జానెడు చోటు లేదు. ఈ పూల్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ అడుగే.

ట్యాంకర్ నీళ్లు పడుతున్నాయి. అడుగు మునిగి షీటు కుదురుకునేదాకా వాక్యూమ్ ఆపం. మీ పిల్లల్ని వచ్చే ఆదివారం తీసుకురండి.