మాంట్‌గోమరీలో ఒక వంటిల్లు

అమ్మ గుంటూరు నుంచి వచ్చి రెండు నెలలైంది, అట్లాంటా చుట్టుపక్కల గుళ్ళన్నీ అయిపోయాయి. అమెరికాలో నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ మాంట్‌గోమరీలో కాపురమున్న ఇల్లు చూసొద్దాం పద అంటే, "అదేం యాత్రరా?" అంది. ఆయన 1959లో మన దేశమొచ్చి, వేరే దేశాలకు టూరిస్టుగా వెళ్తానేమో గానీ ఇక్కడికి యాత్రికుడిగా వచ్చానన్నారమ్మా, ఆ బాకీ తీర్చుకుందాం అన్నాను.

పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా. ఆబర్న్ అవెన్యూలో ఆయన పుట్టిన ఇల్లు, ఎబెనెజర్ చర్చి, నీళ్ళ మధ్య సమాధి వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించాను గానీ మాంట్‌గోమరీ మాత్రం వెళ్ళలేదు. పులిహోర కట్టుకుని బయల్దేరాం. అలబామాలో టైం గంట వెనక్కని మర్చిపోయి, తలుపులు తీయకముందే వెళ్ళి నిలబడ్డాం.

తెల్లటి చెక్క ఇల్లు, ముందు వసారా. డెక్స్టర్ అవెన్యూ చర్చి తన పాస్టర్‌కి ఇచ్చేది. కింగ్ 1954లో పాతికేళ్ళ వయసులో ఆ చర్చికి పాస్టర్‌గా, భార్య కొరెట్టాతో వచ్చారు. 1956 జనవరి 30 రాత్రి వసారా మీద పడిన బాంబు గుర్తు ఇంకా ఉంది. ఆయన మీటింగులో ఉన్నారు, ఇంట్లో కొరెట్టా, రెండు నెలల పసిపిల్ల. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయుధాలతో కోపంగా ఊగిపోతూ వచ్చిన తనవైపు జనాన్ని ఆయన అక్కడే నిలబడి ఇళ్ళకు పంపేశారు. ఇదంతా నాకు తెలిసిన కథే. నేనెప్పుడూ పట్టించుకోనిది వంటిల్లు.

బాంబుకి మూడు రోజుల ముందు, అర్ధరాత్రి ఎవడో ఫోన్ చేసి చంపేస్తామన్నాడు. నల్లవాళ్ళని వేరుగా కూర్చోబెట్టే బస్సులు ఎక్కమంటూ ఆయన ముందుండి నడిపిన బహిష్కరణ 381 రోజులు సాగిందని ఇప్పుడు మనకు తెలుసు, అప్పటికింకా రెండు నెలలు కూడా నిండలేదు. నిద్రపట్టక లేచి కాఫీ పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నారు, పిరికివాణ్ణనిపించుకోకుండా దీన్నుంచి ఎలా తప్పుకోవాలా అని. చివరికి తల పట్టుకుని, నావల్ల కావడం లేదని పైకే ప్రార్థన చేశారు. ఆ తర్వాతే ధైర్యం వచ్చిందట. ఫోన్లో అన్నమాట పన్నెండేళ్ళకి మెంఫిస్‌లో నిజమైంది, 39 ఏళ్ళకే.

గైడ్ చెప్తుంటే నేను అమ్మకి తెలుగులో చెప్తున్నా.

"ఎన్నేళ్ళురా అప్పటికి?"

"ఇరవై ఏడు."

"ఆ వయసులో నువ్వు వీసా లాటరీ తగల్లేదని రెండు రోజులు అన్నం మానేశావు."

గైడ్ ఎందుకు నవ్వుతున్నావని అడిగితే ఏదో సర్దిచెప్పాను. అమ్మ మాత్రం ఆ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.

"కాఫీ తాగాడా మరి?"

అడిగి చెప్పాను. కప్పు ముట్టుకోలేదని ఆయనే రాసుకున్నారట.

"అనుకున్నా," అంది అమ్మ.