సాక్షి సినిమా అప్‌డేట్: ఎరుపు నీలం లైటు ఇంకా లొంగలేదు

నేను తీస్తున్న సాక్షి సినిమాలో చారలు మళ్ళీ వచ్చాయి. రాత్రి ఇంట్లో దాక్కున్న సాక్షి మొహం మీద కిటికీలోంచి పోలీసు జీపు లైటు ఎరుపు, నీలం, ఎరుపు, నీలం అని పడాలి, సినిమా మొత్తంలో నాకు ఇష్టమైన షాట్ అది, ఫోన్‌లో చూసుకున్నప్పుడు బాగానే ఉన్నట్టుంది గానీ టీవీకి పెట్టి చూస్తే మొహం మీద నల్ల చారలు మెల్లిగా పైకి పాకుతున్నాయి. చిరాకొచ్చేసింది.

లొకేషన్ విజయనగరం కోట వెనకాల వీధిలో మావాళ్ళ పాత ఇల్లు. జీపు మనకెక్కడిది, కిటికీ బయట కర్రకి రిమోట్‌తో రంగులు మారే 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్ చుట్టాం. గదిలో ఒక 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు. సెకనుకి 24 ఫ్రేములకి షట్టర్ (ఒక్కో ఫ్రేము మీద వెలుగు పడే సమయం) సెకనులో 1/48 పెడితే చారలు పాకాయి, 25కి మారిస్తే పాకడం ఆగి ఒకేచోట నిలబడ్డాయి, అంటే బల్బు కరెంటుతో పాటు సెకనుకి 100 సార్లు కొట్టుకుంటోందన్నమాట (వెలుగు తగ్గి పెరుగుతోంది), 100 అయితే 25కి సమంగా తెగుతుంది. 1/50 పెట్టగానే బల్బు చారలు పోయాయి. హమ్మయ్య అనుకుని స్ట్రిప్ వేస్తే ఇంకో రకం, సన్న చారలు.

అప్పుడు రెండూ విడివిడిగా కొలిచాను. షట్టర్ 1/2000 కి దించి ఒక్క బల్బే వెలిగిస్తే ఫ్రేములో రెండు వెడల్పు చారలు. బల్బు ఆపి స్ట్రిప్ ఒక్కటే వెలిగిస్తే ఎనిమిదికి ఎక్కువ, తొమ్మిదికి తక్కువ. రెండు చారలకి 100 అయితే ఇది 400, 450 మధ్యలో ఎక్కడో ఉంది. కంట్రోలర్ (రిమోట్ చెప్పినట్టు స్ట్రిప్‌ని నడిపే డబ్బా) లైటుని తగ్గించడానికి దాన్ని అంత వేగంగా ఆర్పి వెలిగిస్తోంది, ఆ లెక్క 50కి గానీ 100కి గానీ సమంగా తెగట్లేదు. 1/100 పెడితే బల్బుకి ఓకే, స్ట్రిప్‌కి ఇంకా అధ్వానం, పైగా ఐఎస్‌ఓ (కెమెరా వెలుగుని పట్టే సున్నితత్వం) 1600 నుంచి 3200 కి పెంచాల్సొచ్చి గోడంతా ఇసక జల్లినట్టైంది. రిమోట్‌లో ఫుల్ బ్రైట్‌నెస్ పెడితే చారలు చాలావరకు తగ్గాయి గానీ ఎరుపు నుంచి నీలానికి మారే మధ్యలో మళ్ళీ వస్తున్నాయి. రంగులు కలిపేటప్పుడు దేన్నో ఒకదాన్ని తగ్గిస్తుంది కదా, అక్కడే అని నా అనుమానం. అయినా నిజం జీపు లైటు అలా కలిసిపోదు, టక్కున మారుతుంది.

ఎడిటింగ్‌లో తీసేద్దామంటే డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్‌లో డీఫ్లికర్ (ఇలాంటి లైటు కొట్టుకోవడాన్ని తగ్గించే టూల్) లేదు, డబ్బులు కట్టాలి. ఒక్క షాట్ కోసం నేను కట్టను. మిగతా అన్నిటికీ ఆ ఫ్రీదే బంగారం, ఫోన్‌లో ఎడిట్ చేసే యాప్‌లు దాని ముందు దండగ.

సౌండు బాగా వచ్చింది. బోయా వైరు మైక్, ఆరు మీటర్ల వైరు, చొక్కా గుండీ కింద పెట్టాం అంతే. మా సాక్షి "నానేటీ సూళ్ళేదు బావూ" అని వణుకుతుంటే మంచం చప్పుడు కూడా పడింది.

ఈసారి కంట్రోలర్ పీకేస్తా. స్ట్రిప్‌కి నాలుగు వైర్లు, ఒకటి ప్లస్, మిగతావి రంగులకి. ప్లస్‌ని తిన్నగా బండి బ్యాటరీకి ఇచ్చి, ఎరుపు, నీలం వైర్లు రెండూ మెట్ల దగ్గర వాడే టూ-వే స్విచ్‌కి కలిపి, మైనస్ మధ్య పిన్నుకి ఇస్తే చేత్తో టకటకా కొట్టుకోవచ్చు. బ్యాటరీ కరెంటుకి కొట్టుకోవడమే ఉండదు. గదిలో ఎల్‌ఈడీ తీసేసి పాత 60 వాట్ల గుండు బల్బు దొరికితే అదే పెడతా, ఆ పసుపు రంగు ముందు ఏ ఎల్‌ఈడీ పనికిరాదు. ఇంత చేసినా చారలొస్తే అనుమానం వీధి దీపం మీదే, కిటికీకి పైన దుప్పటి కట్టాలి.

కథలో కూడా మార్పుంది. సుప్రీంకోర్టు ఆమోదించిన 2018 సాక్షుల రక్షణ స్కీము చదివాను. అప్లికేషన్ జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి వెళ్ళాలి, ప్రమాదం ఎంతుందో పోలీసులు ఐదు పనిదినాల్లో రిపోర్టు ఇవ్వాలి, ఈలోపు మధ్యంతర రక్షణ ఇవ్వొచ్చు. ఆ ఐదు రోజులే సినిమా! ఒక ఇల్లు, ఒక కానిస్టేబుల్, ఒక సాక్షి, ఖర్చు కూడా కలిసొస్తుంది. చివరి రోజు కోర్టుకి బయల్దేరే సీను శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున పగలే తీసేద్దామని ఉంది, ఎండకి షట్టర్ గొడవే లేదు. ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌లోకి వచ్చే వెలుగు తగ్గించే నల్ల అద్దం) మాత్రం ఒకటి కొనాలి.