హార్డ్‌లీకీ గట్టిగాకీ చుట్టరికం

సాయంత్రం చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. ఉద్యోగం కోసం ఇంగ్లీషులో లెటర్ రాసుకుంటున్నాడు. "పెద్దమ్మా, స్లోకి స్లోలీ, క్విక్‌కి క్విక్‌లీ అయినప్పుడు హార్డ్‌కి హార్డ్‌లీ ఎందుకు కాదు? 'ఐ వర్క్ హార్డ్‌లీ' తప్పంటున్నారు" అన్నాడు.

వాడి ప్రశ్న న్యాయమైనదే. కష్టపడి పనిచేస్తాననడానికి 'ఐ వర్క్ హార్డ్' చాలు, దానికి లీ అక్కర్లేదు. 'ఐ హార్డ్‌లీ వర్క్' అంటే మాత్రం దాదాపు పనే చెయ్యనని చెప్పుకోవడం. అదే చెప్పాను.

ఫోన్ పెట్టేశాక కూడా దాని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఒకప్పుడు హార్డ్‌లీకి వాడనుకున్న అర్థమే ఉండేది: గట్టిగా, బలంగా. తర్వాత అది 'కష్టం మీద' అయింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ధనవంతుడు స్వర్గంలోకి హార్డ్‌లీ ప్రవేశిస్తాడని ఉంటుంది. అక్కడ అర్థం అతి కష్టం మీద అనే. కష్టం మీద జరిగేది జరిగీ జరగనట్టే కదా! అలా జారుతూ వచ్చి 'దాదాపు లేదు' దగ్గర ఆగింది.

ఇంతలో మన మాట తట్టింది. "సభకి గట్టిగా పదిమంది కూడా రాలేదు" అంటాం. ఎంత గట్టిగా లెక్కేసినా పది దాటరని. హార్డ్‌కి లీ, గట్టికి గా! ఏ బంధుత్వమూ లేని రెండు భాషలు ఒకే దారి పట్టడం చూస్తే నాకు ఎంత సంతోషమేసిందో.

తేడా ఒకటుంది. మనం చివర 'రాలేదు' అనాలి. ఇంగ్లీషులో ఆ 'లేదు' హార్డ్‌లీ కడుపులోనే ఉంది. అందుకే ప్రామాణిక ఇంగ్లీషులో దాని పక్కన మళ్లీ నాట్ పెట్టరు. 'షి హార్డ్‌లీ స్పీక్స్' అన్నాక ప్రశ్న తగిలించాల్సి వస్తే 'డజ్ షి?' అంటారు, 'డజంట్ షి?' అనరు. వాక్యంలో నాట్ ఎక్కడా కనిపించకపోయినా లెక్క మాత్రం లేదన్న లెక్కే.

గట్టిగా అన్నిచోట్లా అతకదు, అంకెల దగ్గరే దాని జోరు. 'ఐ హార్డ్‌లీ నో హిమ్' అంటే ఆయన నాకు అంతగా తెలియదు. 'హార్డ్‌లీ ఎవర్'కి నాకు నచ్చింది మాత్రం "ఎప్పుడో గానీ". ఎప్పుడో గానీ రాడు, ఎప్పుడో గానీ నవ్వదు.