ఇరవై ఏండ్ల ప్లానుకు నా అర్జీ

పేపర్లో సంతాప ప్రకటనల పక్కన చిన్న అక్షరాల్లో వచ్చింది. రాబోయే ఇరవై ఏళ్లకు మన తిరుపతి రవాణా ప్రణాళిక ముసాయిదా తయారైందట, అభ్యంతరాలూ సూచనలూ రాసివ్వొచ్చట. మా ఆవిడ చూపించకపోతే నా కంట పడేదే కాదు.

ఆఫీసుకు పోతే లావుపాటి పుస్తకం ముందు పెట్టారు. అంతా ఇంగ్లిషే. జిరాక్స్ తీసుకోకూడదు, అక్కడే కూర్చుని చూసుకోవాలన్నారు. మ్యాపులో మా కొర్లగుంట ఎక్కడుందో వెతకడానికే అరగంట పట్టింది. మర్నాడు మా అబ్బాయిని వెంటబెట్టుకుని పోయాను.

ఇలాంటి ప్లానుకు ముందు ఇంటింటి సర్వే చేస్తారు. ఎక్కడికి పోతారు, ఎందుకు, ఏ బండి మీద అని అడుగుతారు. కూడళ్లలో వాహనాలు లెక్కబెడతారు. వాటిని బట్టి మున్ముందు రద్దీ అంచనా కడతారు. మన ఊళ్లో యాత్రికులు ఏ ఇంటి సర్వేకూ దొరకరు కాబట్టి బస్టాండులో, రైల్వే స్టేషన్లో విడిగా అడిగారు. అది మెచ్చుకోవాల్సిందే. నడిచేవాళ్ల గురించి మాత్రం పుస్తకం మొత్తంలో ఒకటిన్నర పేజీ.

మా వీధిలో పూలమ్మే అవ్వ ఉంది. తెల్లారకముందే గంప నెత్తిన పెట్టుకుని లీలామహల్ సర్కిల్ దాటి పోతుంది. 2023లో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ పూర్తిగా తెరిచాక పైన పోయే బండ్లకు సుఖమే. కింద దాటేవాళ్ల మాటేమిటి? మూడు రోజులు అవ్వ వెనకే పోయి ఫోన్లో టైం చూశాను. ఒక రోజు రోడ్డు దాటడానికే నాలుగు నిమిషాలు పట్టింది. అదే అర్జీలో రాశాను. బండ్లు కాదు, మనుషులు కదలడం ముఖ్యమని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెబుతోందని మా అబ్బాయి ఒక వాక్యం చేర్చాడు. దాంతో నా అర్జీకి కాస్త గౌరవం వచ్చింది.

అర్జీని ఆఫీసు టపా సెక్షన్లో ఇచ్చి ఊరికే వచ్చేయకండి. రెండో కాపీ మీద ముద్ర వేయించుకుని ఇన్‌వార్డ్ నంబరు, అంటే అర్జీ అందినట్టు రిజిస్టర్లో వేసే నంబరు, రాయించుకోండి. తర్వాత పోయినప్పుడు "అర్జీ రాలేదే" అన్నారు. నంబరు చూపించాక కట్టలోంచి బయటపడింది.

అభిప్రాయ సేకరణ సమావేశం మంగళవారం పదకొండు గంటలకు పెట్టారు. అవ్వను రమ్మంటే, "బేరం పోతుంది నాయనా, నువ్వే చెప్పు" అంది. హాల్లో ఎక్కువమంది అడిగింది ఒక్కటే: కొత్త రోడ్డుకు ఎవరి సైటు పోతుంది? నాకు రెండు నిమిషాలిచ్చారు. సగం మైకు సరిచేయడానికే పోయింది. అయినా లీలామహల్ దగ్గర సిగ్నల్లో నడిచేవాళ్లకు విడిగా టైం ఇవ్వాలని చెప్పగలిగాను. ముందు వరుసలోని ఇంజనీరు రాసుకున్నాడు, కళ్లారా చూశాను.

రెండు నెలలకు జవాబు వచ్చింది: "మీ సూచన పరిశీలనకు స్వీకరించడమైనది." అవ్వకు చదివి వినిపించాను.

"ఇరవై ఏండ్లన్నావే, ఎన్నో ఏట పరిశీలిస్తారంట?" అని గంప ఎత్తుకుంది.

అది కూడా రాసి ఇంకో అర్జీ పెట్టాను. ఈసారి ఇన్‌వార్డ్ నంబరు వాళ్లే అడక్కుండా వేసిచ్చారు.